కొబ్బరినీళ్లు తాగిన బోర్డు

సౌమ్యురాలట!

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అలా రాశారు. నీళ్ల ట్యాంకరు ఆలస్యంగా వస్తుందన్న కబురుకీ, బేస్‌మెంటులో ఎవరో కారు అడ్డంగా పెట్టారన్న ఫిర్యాదుకీ మధ్య సెక్రటరీగారి సందేశం: "మూడో అంతస్తులో ఉండే పెద్దావిడ నిన్న సాయంత్రం కన్నుమూశారు. ఎంతో సౌమ్యురాలు, మితభాషి. ఆమె ఆత్మకు శాంతి కలగాలి." దాని కింద వరసగా దండాల బొమ్మలు. ఆ దండాలు పెట్టినవాళ్లలో సగంమందిని ఆవిడ ఏదో ఒక రోజు లిఫ్టు దగ్గర నిలబెట్టి కడిగేసే ఉంటుంది. సెక్రటరీగారినైతే నేను చూస్తుండగానే కడిగేసింది.

చనిపోయిన మనిషి గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం మర్యాదే, కాదనను. కానీ లేని గుణాలు అంటగట్టి సాగనంపడం ఏం మర్యాద? ఆవిడ సౌమ్యురాలు కాదు. మితభాషి అంతకన్నా కాదు. మొండిమనిషి. నోరు పెద్దది, కోపం అంతకన్నా పెద్దది. ఆ మొండితనమే ఒక దసరాకి నన్ను గట్టెక్కించింది. ఆ సందేశం చూసి ఒళ్లు మండి ఈ నాలుగు ముక్కలూ రాయడానికి కూర్చున్నాను.

మాది భీమవరం వైపు. మా ఆయనది అనంతపురం. కొండాపూర్‌లో ఈ అపార్ట్‌మెంటులోకి కిరాయికి దిగిన కొత్తలో ఆవిణ్ణి లిఫ్టులో చూసి "నమస్తే ఆంటీ" అన్నాను.

"ఆంటీ ఏంది? నేనేమన్న నీ దోస్తు తల్లినా? అక్క అను" అంది.

"అలాగే అక్కండీ."

"అక్క అంటే చాలు పిల్లా. మల్ల దానికి అండి దేనికి?"

ఆ అలవాటు మానడానికి నాకు చాలాకాలం పట్టింది. కోపం వచ్చినప్పుడల్లా ఆవిడ నా మాటనే నాకు వడ్డించేది. "ఏమైందండి? గట్ల నిలవడ్డరేందండి?" అని వరసగా రెండు అండీలు వినపడ్డాయంటే నేను ఏదో పొరపాటు చేశానని అర్థం.

అక్క డిప్లొమా చదివింది. నగరానికి అటు చివర ఉన్న ఒక ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో సర్క్యూట్ బోర్డులకు సోల్డరింగ్ చేసే చోట చేరి, వాటిని పరీక్షించి పాస్ చేసే సెక్షనుకి పెద్దగా రిటైరైంది. రిటైరయ్యాక అందరూ కాశీకి వెళతారు. ఈవిడ ఒక మైక్రోస్కోపు కొనుక్కుని, ఎవరి కంప్యూటరు ఆగిపోయినా దాని మదర్‌బోర్డు తన ఇంటికి తెప్పించుకోవడం మొదలుపెట్టింది.

వాళ్లింట్లో డైనింగ్ టేబుల్ మీద ఎవరైనా అన్నం తినగా నేను చూడలేదు. దాని మీద నీలంరంగు రబ్బరు షీటు పరిచి ఉండేది. ఒక పక్క మైక్రోస్కోపు, ఇంకో పక్క సోల్డరింగ్ ఐరన్, మధ్యలో ఎవరిదో ఒకరి బోర్డు. వాళ్లాయన బస్సు డిపోలో పనిచేసి రిటైరైన మనిషి. వంట ఆయనే చేసి, రెండు పళ్లాలూ బాల్కనీలోకి పట్టుకెళ్లేవారు.

"ఇంట్ల టేబులుండి బయట కూసొని తింటున్నం, సూసినవామ్మా" అనేవారు నాతో నవ్వుతూ.

"నీ అన్నం ఏడ పెట్టినా అరుగుతది. దీనికి ఇదొక్కటే జాగ" అనేది అక్క, తల ఎత్తకుండానే.

పని మొదలుపెట్టేముందు ఆవిడ తయారయ్యే తీరు నాకు ఇప్పటికీ కళ్లముందుంది. ముందు గాజులు తీసి పక్కన పెట్టేది. మెడలో పుస్తెలతాడు తియ్యడం ఇష్టం లేదు, అది ముందుకు వేలాడితే బోర్డుకు తగులుతుంది. అందుకని దాన్ని పట్టుకుని, రైతు కండువా వేసుకున్నట్టు, భుజం మీదుగా వీపు వెనక్కి విసిరేది. పుస్తెలు వెనక్కి వెళ్లాయంటే ఇక ఆ గదిలో ఆవిడ తప్ప ఇంకెవరూ మాట్లాడకూడదు. ఆ తరవాత ఫ్యాను కట్టెయ్యాలి. బోర్డు మీద ఉండే విడిభాగాలు నువ్వుగింజలకన్నా చిన్నవి, ఫ్యాను గాలికి ఎగిరిపోతాయి. మే నెలలోనైనా సరే, ఫ్యాను కట్టెయ్యాల్సిందే. చెమట కళ్లలోకి కారుతుంటే మోచేత్తో తుడుచుకునేది కానీ స్విచ్చు వైపు చూసేది కాదు.

ఆవిడ ముందు ఒక మాట అనకూడదు. బోర్డు "పోయింది" అనకూడదు.

"ఏడికి పోయింది? బస్సెక్కి పోయిందా? ఈడనే ఉన్నది గద కండ్ల ముంగట. పోయింది అంటే నీకు సూసుడు రాలేదన్నట్టు."

ఒక ఆదివారం సెక్రటరీగారు పాత ఎలక్ట్రానిక్ సామాన్లు పోగుచేసే కార్యక్రమం పెట్టారు. గేటు దగ్గర పెద్ద అట్టపెట్టెలు, వాటి మీద ఆకుపచ్చ కాగితాలు. అక్క కిందికి దిగి, వాచ్‌మన్ కుర్చీ లాక్కుని పెట్టెల పక్కనే కూర్చుంది. సామాను తెచ్చిన ప్రతివాళ్లనీ ఆపడమే. "ఇది ఎందుకు పారేస్తున్నవ్? ఏమైంది దీనికి? విప్పి సూసినవా?" విప్పి చూసినవాళ్లు ఎవరూ లేరు. మధ్యాహ్నానికి సగం సామాను పెట్టెల్లోంచి బయటికి వచ్చి ఆవిడ కుర్చీ కిందికి చేరింది. సెక్రటరీగారు వచ్చి, "మేడమ్, ఇదంతా పర్యావరణం కోసమండి" అన్నారు వినయంగా.

"నేను చేసేది మరి దేనికోసం? పుట్టిన దాన్ని సగం ఆయుష్షుల మట్టిల పెట్టుడేనా నీ పర్యావరణం? జర వెలుతురుకు అడ్డం నిలవడకు" అంది.

అలా మోసుకెళ్లినవన్నీ బాగయ్యాయని చెప్పను. చాలావాటికి ప్రాణం రాలేదు. వాటిని మంచం కింద పెట్టెల్లో దాచి, ఇంకో బోర్డుకి కావలసిన విడిభాగాలు వాటిలోంచి పీకేది. బాగైన వాటి గురించి మాత్రం వారాల తరబడి చెప్పుకునేది. "ఈ పని నా అంత మంచిగ చేసెటోళ్లు హైదరాబాదుల ఉంటే తీస్కరా, సూస్త" అనేది. వినయం అనేది ఆవిడకి అలవాటు లేదు, నేర్చుకోవాలన్న ఉద్దేశమూ లేదు.

నేను పరిచయమయ్యేనాటికే ఆవిడ కుడిచెయ్యి వణకడం మొదలైంది. మందులు వాడేది. మణికట్టు కింద పెసలు పోసి కుట్టిన చిన్న గుడ్డదిండు పెట్టుకునేది. ఎవరైనా ఆ చేతి వైపు చూస్తే, "చలి పెడుతున్నది" అనేది. ఫ్యాను కూడా తిరగని ఆ గదిలో చలేమిటని ఎవరూ అడిగేవారు కాదు.

ఇక నా సంగతి. ఆ ఏడాది వేసవిలో మా కంపెనీ మా టీమ్ మొత్తాన్ని ఇంటికి పంపించింది. ఇంకో ఉద్యోగం కోసం తిరిగి తిరిగి విసుగొచ్చి, నేనే ఒక ప్రోగ్రామ్ రాయడం మొదలుపెట్టాను. చిన్న చిన్న రక్తపరీక్షల కేంద్రాలకి పనికొచ్చేది. రక్తం తీసినప్పటి నుంచి రిపోర్టు మనిషి ఫోనుకి చేరేదాకా అన్నీ అందులోనే. తెల్లాపూర్‌లో అలాంటి కేంద్రాలు నడుపుతున్న ఒక డాక్టరుగారు, "దసరా అయ్యాక సోమవారం తెచ్చి చూపించండి, నచ్చితే నా కేంద్రాలన్నిటిలో పెట్టుకుంటాను" అన్నారు. ఒక జీతం మీద ఇల్లు ఈడుస్తున్న మాకు ఆ సోమవారం మీదే ఆశ.

నెలల తరబడి చేసిన ఆ పని అంతా నా లాప్‌టాప్‌లోనే ఉంది. ఆన్‌లైన్‌లో దాచుకునే చోటు నిండిపోయిందని రోజూ ఒక హెచ్చరిక వచ్చేది. రోజూ దాన్ని పక్కకి నెట్టి పని చేసుకునేదాన్ని. ఆఫీసులో ఉన్నన్నాళ్లూ అందరికీ బ్యాకప్ తీసుకోండి తీసుకోండి అని మెయిళ్లు పంపింది కూడా నేనే.

మహర్నవమి నాడు మా ఇంట్లో ఆయుధపూజ. మా ఆయనకి ఆయుధపూజ అంటే ప్రాణం. మా మామగారు ట్రాక్టరుకి చేసేవారట. ఈయన స్కూటరు, మిక్సీ, చివరికి వైఫై డబ్బాకి కూడా బొట్టు పెడతారు. నవ్వడానికి లేదు. ఆ రోజు ఈ చుట్టుపక్కల ఏ ఐటీ ఆఫీసుకి వెళ్లినా మానిటర్ల మీద గంధం బొట్లే కనిపిస్తాయి.

"ఇంగ మన ఇంటికి అన్నం పెట్టేది ఇదే కదా" అని నా లాప్‌టాప్‌ని పీట మీద, అన్నిటికీ మధ్యలో, తెరిచిపెట్టారు. గంధం, కుంకుమ, బంతిపూలు, హారతి. అక్కడితో ఆగితే బాగుండేది. కొబ్బరికాయ గుమ్మం దగ్గర కొట్టాల్సింది, బయట ఎవరివో చెప్పులున్నాయని హాల్లోనే, పీట పక్కన రాయి పెట్టి కొట్టారు. మొదటి దెబ్బకి పగల్లేదు. రెండో దెబ్బ ఎంత గట్టిగా కొట్టారంటే, కాయ భళ్లున విచ్చుకుని నీళ్లన్నీ తిన్నగా కీబోర్డులోకి వెళ్లాయి.

"ఏం కాదులే, దేవుని నీళ్లే కదా" అన్నారు, అప్పటికే ముఖం పాలిపోయింది.

కట్టేశాం. తలకిందులు చేశాం. గుడ్డతో తుడిచాం. తడిసిన ఫోనుకి ఊరంతా చేసే వైద్యమే దీనికీ చేశారాయన, బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టారు. దసరా నాడు పొద్దున్నే తీసి, బియ్యం దులిపి, బటన్ నొక్కాను. సన్నగా కాలిన వాసన వచ్చింది. తెర వెలగలేదు. ఆయన మీద అరవాలనే అనుకున్నాను. ఆయనే పీట ముందు చతికిలబడి రెండు చేతులతో తల పట్టుకుని ఉంటే ఇంక ఏం అరుస్తాను?

ఆ సాయంత్రం జమ్మి ఆకులు పట్టుకుని అక్క దగ్గరికి వెళ్లాను. ఇక్కడి ఆచారం అది, దసరా సాయంత్రం జమ్మి ఆకుని బంగారమని పెద్దవాళ్ల చేతిలో పెట్టి దండం పెట్టాలి. వంగబోతుంటే గడ్డం పట్టుకుని లేపింది.

"ఏంది పిల్లా, పండుగ పూట ముఖం గిట్లున్నది?"

చెప్పేశాను. వింటున్నంతసేపూ ఆవిడ ముఖం ఎర్రబడుతూ వచ్చింది.

"కొబ్బరినీళ్లా! ఉత్త నీళ్లయితే నాకు గింత ఫికర్ లేదు. కొబ్బరినీళ్లల్ల ఉప్పుంటది, చక్కెరుంటది. ఆరినంక గూడ లోపలికెల్లి రాగిని తింటనే ఉంటది. మీద బియ్యప్పిండి చల్లిండ్రు. సాలదన్నట్టు కరెంటు గూడ ఇచ్చిండ్రు. దేవునికి ఒక్క కాయ కొట్టి బోర్డుకు మూడు దెబ్బలు కొట్టిండ్రు గద మొగుడూ పెండ్లాం! పో, తీస్కరా ఇప్పుడే."

నేను తీసుకెళ్లలేదు. ఆ చేతి వణుకు తెలుసు కదా, ధైర్యం చాలలేదు. మర్నాడు సర్వీస్ సెంటరుకి పట్టుకెళ్లాను. కౌంటరు దగ్గర అబ్బాయి లోపలికి తీసుకెళ్లి, తిరిగొచ్చి, "బోర్డు డెడ్ మేడమ్. కొత్తది వేస్తాం. పాత డేటా రాదు, ఈ మోడల్‌లో స్టోరేజ్ విడిగా ఉండదు, బోర్డుకే అతికి ఉంటుంది" అన్నాడు. ఇంకో షాపులో, "వదిలేసి వెళ్లండి, పది పదిహేను రోజుల్లో చూసి చెప్తాం, గ్యారంటీ లేదు" అన్నారు. నాకున్నది శని, ఆదివారాలు.

శనివారం పొద్దున్నే లాప్‌టాప్ పట్టుకుని మూడో అంతస్తులో తలుపు కొట్టాను.

"వచ్చిండ్రా అండి? ఏమన్నడండి మీ సర్వీసాయన?"

"డెడ్ అన్నాడు అక్కా."

గాజులు తీసింది. పుస్తెలు వెనక్కి విసిరింది.

ఆ రోజంతా విప్పడం, కడగడంతోనే సరిపోయింది. బోర్డు బయటికి తీసి చూపించింది. అరచేయంత ఉంది. మైక్రోస్కోపులో చూస్తే కొబ్బరినీళ్లు పాకిన దారంతా పచ్చగా పాచి పట్టినట్టుంది, మధ్యమధ్య బియ్యపు నూక. స్పిరిట్‌లో ముంచిన మెత్తటి బ్రష్షుతో ఆవిడ రుద్దుతూ, "ఏం తిన్నవు బిడ్డా, ఏం తాగినవు" అని బోర్డుతో మాట్లాడేది. నాతో మాట్లాడినప్పుడు మాత్రం తిట్లే. మా ఆయన ఒకసారి పైకి వచ్చి గుమ్మంలో నిలబడి, "ఎట్లుందక్కా?" అన్నారు భయంభయంగా. "నీ చేతిల ఏమన్న కాయ ఉన్నదా? లేకుంటే లోపలికి రా" అంది.

ఆదివారం పొద్దున అసలు పని. బోర్డులో ఎక్కడో ఒక చిన్న భాగం కాలిపోయి, వచ్చిన కరెంటునంతా తనే మింగేస్తోంది. ఎక్కడో కనిపెట్టాలి. అక్క బోర్డంతా పలచగా స్పిరిట్ పూసి, చిన్న పెట్టెలోంచి చాలా తక్కువ కరెంటు ఇచ్చింది.

"కండ్లు పెట్టి సూడు. ఏడ ముందుగాల ఆరుతదో ఆడ వేడి ఉన్నట్టు. ఆడనే దొంగ ఉన్నడు."

ఇద్దరం తలలు ఆనించి చూశాం. స్పిరిట్ అంతటా మెరుస్తోంది. ఒక మూల, నల్లటి చిప్ పక్కన, చిన్న మచ్చలా పొడిబారింది.

"అగో!" అని కేక పెట్టాను.

"అరవకు. దొంగ ఏడికి పోడు" అంది కానీ, తనూ నవ్వింది. అలాంటి విడిభాగాలు అక్కడ గుంపుగా ఉంటాయట, ఒక్కటి లేకపోయినా బోర్డు నడుస్తుందట. తీసేస్తే చాలు. ఐరన్ వేడెక్కింది. మణికట్టు కింద పెసల దిండు సర్దుకుంది. ఊపిరి బిగబట్టి మొన దించింది. దొంగ ఊడివచ్చాడు. సరిగ్గా మొన పైకి తీసేటప్పుడు ఆ చెయ్యి ఒక్కసారి ఎగిరింది.

అక్క మైక్రోస్కోపులోంచి కళ్లు తియ్యకుండా అలాగే ఉండిపోయింది. నేనూ చూశాను. పక్కనున్న వెంట్రుకంత రాగి గీత లేచిపోయి, తెగి, పైకి వంగి ఉంది. అసలే ఉప్పు తిని సన్నబడిన గీత. అది లేకపోతే చిప్‌కి కరెంటు వెళ్లదు. వాళ్లాయన బాల్కనీలోంచి తొంగిచూసి, మళ్లీ తల వెనక్కి తీసుకున్నారు.

"నాదే తప్పు" అంది అక్క. అంత చిన్న గొంతుతో ఆవిడ మాట్లాడగా నేను ముందెప్పుడూ వినలేదు. "కొబ్బరికాయది గాదు. నా చేతిది."

సోమవారం పోయింది అనుకున్నాను. బయటికి అనలేదు గానీ, ముఖం చూసి ఉంటుంది.

కాసేపు కూర్చుని లేచింది. డ్రాయరులోంచి వెంట్రుక లాంటి రాగి తీగ చుట్ట తీసింది. తెగిన గీత ఈ చివర నుంచి ఆ చివరకి ఆ తీగతో వంతెన కట్టాలి. కుర్చీలో కూర్చుని, తీగ పట్టుకుని, మైక్రోస్కోపు కింద పెట్టింది. తీగ కొస నిలవలేదు. మళ్లీ పెట్టింది. నిలవలేదు. పళ్లు బిగించి, ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని పెట్టింది. అప్పుడు రెండు చేతులూ వణికాయి. నాకు చూడబుద్ధి కాలేదు, ఆపమని చెప్పబుద్ధీ కాలేదు. చివరికి తీగ షీటు మీద పెట్టి, కుర్చీలోంచి లేచి నిలబడింది.

"కూసో" అంది.

"నేనా? నాకేం తెలుసు అక్కా, నేను ఐరన్ ముట్టుకోనైనా లేదు. నేను సాఫ్ట్‌వేర్ దాన్ని."

"సాఫ్ట్‌వేరోళ్లకు చేతులుండయా? ముగ్గేస్తవా నువ్వు?"

"వేస్తాను."

"చుక్కల ముగ్గా?"

"ఆఁ."

"ఇది గూడ గంతే. ఈ చుక్కకెల్లి ఆ చుక్కకు గీత. కూసో."

తిన్నగా నా బోర్డు మీదికి పోనివ్వలేదు. మంచం కింద పెట్టె లాగి, ప్రాణం లేని ఒక పాత బోర్డు తీసి, దాని మీద వేయించింది. మొదటి తీగ కాలిపోయింది. తరవాతది అంటుకోలేదు. వేలు కాల్చుకున్నాను. టంకం ముద్దలు ముద్దలుగా పడింది. "మల్ల" అనేది. ఇంకేమీ అనేది కాదు. "మల్ల." ఫ్యాను లేదు, చెమట ముక్కు మీద నుంచి కారుతోంది, మెడ పట్టేసింది. వాళ్లాయన అన్నం కలిపి ఇద్దరికీ ముద్దలు నోట్లో పెట్టారు, చేతులు అంటు కాకూడదని. మధ్యాహ్నం దాటాక ఒక తీగ రెండు చివర్లా చక్కగా కూర్చుంది. అక్క చాలాసేపు చూసి, దాన్ని పట్టుకారుతో లాగి చూసి, ఊడలేదని నమ్మకం కుదిరాక పాత బోర్డు పక్కకి జరిపింది.

"ఇప్పుడు నీది."

నా పక్కనే ఇంకో కుర్చీ వేసుకుని కూర్చుంది. కుడిచేతిని తొడ కింద పెట్టుకుంది. నేను తడబడితే ఐరన్ లాక్కోవాలనిపిస్తుందని, అలా లాక్కోకూడదని, తన చేతి మీద తనే కూర్చుంది ఆవిడ.

"ఊపిరి బట్టు. మొన ఆనియ్యి. నొక్కకు, ఊకె ఆనియ్యి. టంకం మెరిసిందా? తియ్యి. ఇగ అవుతలి కొన. పరేషాన్ గాకు, సోమారం గిట్ల యాది చేసుకోకు. చుక్క సూడు. తియ్యి."

తీశాను. తీగ కూర్చుంది. మీటరు పెట్టి చూసి, గీత కలిసిందని అది కీక్‌మని మోగాక, అక్క ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలింది. నాతోపాటు తనూ ఊపిరి బిగబట్టిందని అప్పుడు తెలిసింది.

బోర్డు మళ్లీ కడిగి, ఆరబెట్టి, లాప్‌టాప్‌లో కూర్చోబెట్టి, ఛార్జరు పెట్టాం. చిన్న దీపం వెలిగింది. తెర నల్లగానే ఉంది. కాసేపటికి బూడిదరంగులోకి మారింది. తరవాత నా పేరు, పాస్‌వర్డు అడిగే గడి. వేళ్లు పనిచెయ్యక తప్పు కొట్టి, మళ్లీ కొట్టాను. అన్నీ ఉన్నాయి. నా ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డరు, నేను ఎక్కడ పెట్టానో అక్కడే ఉంది.

"సంబురం తర్వాత. ముందుగాల కాపీ వెట్టు. ఎంతసేపు నిలుస్తదో ఎవలికెరుక" అంది. బయటి డ్రైవు తగిలించాను. ఫైళ్లు ఒక్కొక్కటే ఎక్కడం మొదలయ్యాయి.

ఈ కథ ఎవరికి చెప్పినా, డెమో ఏమైందని అడుగుతారు. బాగానే అయింది. డాక్టరుగారు ఒప్పుకున్నారు, ఇవాళ మా ఇంటి కిరాయి ఆ ప్రోగ్రామే కడుతోంది. కానీ అక్క పేరు చెప్పగానే నాకు గుర్తొచ్చేది తెల్లాపూర్ కాదు, ఫైళ్లు ఎక్కుతున్న ఆ కాసేపు.

తెర మీద కాపీ ఎంతయిందో చూపే గీత సగం దాటేసరికి నాకు ఏడుపు ఆగలేదు. బోర్డు ముందే కూర్చుని భోరుమన్నాను. అక్క నా భుజం మీద చెయ్యి వేస్తుందనుకున్నాను. రెక్క పట్టుకుని కుర్చీలోంచి లేపింది.

"ఓయ్, ఓయ్! ఏడిస్తే వంటింట్లకు పోయి ఏడువ్! కన్నీళ్లల్ల ఉప్పుంటది!"

వంటింట్లోకి పోయి, గట్టుకి ఆనుకుని, ఏడుస్తూ నవ్వుతూ నిలబడ్డాను. అంతలో తలుపు తోసుకుని అక్క వచ్చింది.

"ఏమైంది అక్కా? ఆగిపోయిందా?"

"లే. ఎక్కుతున్నయి. మంచిగనే ఎక్కుతున్నయి."

తలుపు దగ్గరికి వేసింది. "జర జరుగు" అంది.

జరిగాను. నా పక్కన గట్టుకి ఆనుకుని నిలబడి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"ఇన్నేండ్లల్ల నా బోర్డు మీద ఇంకొకల చెయ్యి పడనియ్యలే పిల్లా" అంది కొంగులోంచి. "ఇయ్యాల పడ్డది."

ఆ కుడిచేతిని పట్టుకున్నాను. అది నా చేతిలో వణుకుతూనే ఉంది. ఆవిడ లాక్కోలేదు.

కాసేపటికి తనే ముక్కు చీది, కొంగు దులిపి, నా వైపు తిరిగింది. "ఇగ సాలు. ముఖం కడుక్కొని, చేతులు పొడిగ తుడుసుకొని రా. రేపటికెల్లి సన్న పని నువ్వు చేస్తవ్, నేను చెప్త."

"రేపు నాకు డెమో ఉంది అక్కా."

"డెమో అయినంక రా. ఇంకో బోర్డున్నది."